అమ్మ నోట్లో బిళ్ళ

“మింగండి అత్తయ్యా... మింగేయండి! ఏవండీ, ఒక్కసారి ఇలా రండి!”

వదిన కేక వీధిలోకి వినిపించింది. పిచ్చుక చెప్పులు విడవడం కూడా మరిచిపోయి లోపలికి పరిగెత్తింది. వదిన అమ్మను కుర్చీలోనే ముందుకు వంచి వీపు మీద చరుస్తోంది. అన్నయ్య ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని అమ్మ భుజాలు పట్టుకున్నాడు. అమ్మ ముఖం కందిపోయింది. దగ్గు కూడా సరిగా రావడం లేదు. కళ్ళు మాత్రం, ఇదంతా పక్కింట్లో జరుగుతున్నట్టు, సగం మూతపడే ఉన్నాయి.

ఇంకో దెబ్బకు ముద్ద బయటపడింది. అమ్మ గుక్క తిప్పుకుంది. ముగ్గురూ అప్పుడు ఊపిరి వదిలారు.

“ఇది పొద్దున పెట్టిన ముద్ద,” అంది వదిన, తువ్వాలుతో అమ్మ గడ్డం తుడుస్తూ. “మింగారనే అనుకున్నాను. ఇంతసేపూ బుగ్గలోనే పెట్టుకుని కూర్చున్నారు.”

“అనుకోవడం ఏమిటి? చూసుకోవాలి కదా!” అన్నాడు అన్నయ్య.

వదిన చేతిలో తువ్వాలు ఆగిపోయింది. “అయితే రేపటి నుంచి మీరు చూసుకోండి. నేను వెళ్ళి లిఫ్టులు బాగుచేస్తాను.”

లిఫ్టు మెకానిక్కయిన అన్నయ్య వంగి కింద పడ్డ ముద్ద ఏరడం మొదలుపెట్టాడు.

పిచ్చుక అమ్మ పక్కన కూర్చుని చెయ్యి చేతిలోకి తీసుకుంది. మోచెయ్యి మడవబోతే ఆ చెయ్యి తుప్పు పట్టిన గడియలా ఆగి ఆగి కదిలింది. పెదవి చివర నుంచి చొల్లు జారుతోంది. మందుల షాపులో ఇన్నేళ్ళు నిలబడ్డ మనిషికి ఆ బిగుతు ఏమిటో తెలియకుండా పోదు. తెలిసింది. తెలిసిన మరుక్షణం తెలియనట్టు ఉండిపోవాలనిపించింది.

“అమ్మా, నేను. పిచ్చుకని.”

చిన్నప్పుడు నిద్రలో కూడా వాగుతుండేదని అమ్మే పెట్టిన పేరు అది. అమ్మ రెప్పలు ఎత్తలేదు.

“కారు పిలువు అన్నయ్యా. డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం. ఇప్పుడే.”

*

ఈసారి పాత డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. పెద్దవాళ్ళ జబ్బులు మాత్రమే చూసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ బల్ల వెనక కూర్చోలేదు. కుర్చీ లాక్కుని అమ్మ మోకాళ్ళకు మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంది. చేతులు మడిచి చూసింది. లేపి నిలబెట్టి చూసింది. పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు అమ్మ కదలలేదు.

ఆ తరువాత పిచ్చుక ఇచ్చిన మందుల సంచీ తీసి చూసి, ఒక బిళ్ళల అట్ట పక్కకు పెట్టింది.

“ఇది ఎవరు రాశారు?”

“ఇదివరకు చూసిన డాక్టరుగారు,” అంది పిచ్చుక. “మతిమరుపు ముదిరాక అమ్మ ఊరికే అరిచేది. ముద్ద పెట్టబోతే కొట్టేది. పై అంతస్తు వాళ్ళు రోజూ గొడవకు వచ్చేవాళ్ళు.”

“ఎన్నాళ్ళు వాడమన్నారు?”

“కొన్ని వారాలు వాడి మళ్ళీ రమ్మన్నారు.”

“వెళ్ళారా?”

“లేదండి.”

“మరి బిళ్ళలు ఎక్కడివి?”

“నేను మందుల షాపులో పని చేస్తానండి.”

డాక్టరమ్మ తలూపింది. అరిచి ఉంటే బాగుండేది అనిపించింది పిచ్చుకకు. అరిస్తే ఎదురుచెప్పడానికైనా ఏదో ఒకటి దొరికేది.

“సగం బిళ్ళ అని రాశారు. మీరెంత వేస్తున్నారు?”

ఈ ప్రశ్న వదినకు. వదిన పిచ్చుక వైపు చూసింది. నిందించే చూపు కాదది. నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా అని అడిగే చూపు.

“పూర్తిది,” అంది పిచ్చుక. “వేయమన్నది నేనే.”

అన్నయ్య గభాలున ఇటు తిరిగాడు.

“మీకు ఈవిడ శాంతంగా ఉన్నారని అనిపించి ఉంటుంది,” అంది డాక్టరమ్మ. “శాంతం కాదమ్మా, మత్తు. ఈ బిగుతు, ఈ చొల్లు, మింగలేకపోవడం, చాలావరకు ఈ బిళ్ళ వల్లేనని నా అనుమానం. ఈ జబ్బున్న పెద్దవాళ్ళకు ఇలాంటి మందు తప్పనిసరైతేనే ఇవ్వాలి. అదీ కొద్దికాలమే, మధ్యమధ్య చూపించుకుంటూ. ఇప్పుడు ఒక్కసారిగా ఆపేయకండి. నేను చెప్పినట్టు తగ్గించుకుంటూ రండి.”

“తగ్గిస్తే మళ్ళీ అరుస్తుందేమో కదండీ?” అన్నాడు అన్నయ్య.

“అరవొచ్చు. నోరు మూయించే ముందు ఎందుకు అరుస్తున్నారో చూడండి. చెవులు చూడండి, పాదాలు చూడండి, నోరు చూడండి, విరేచనం అవుతోందో లేదో చూడండి. ఎక్కడ నొప్పిగా ఉందో ఆవిడ మీకు చెప్పలేరు. అరవడం ఒక్కటే ఆవిడకు మిగిలిన మాట.”

టార్చి వేసి నోరు తెరిపించబోయింది. అమ్మ పళ్ళు బిగించేసింది.

“ఇవాళ్టికి వదిలేద్దాం. కాస్త మెలకువ వచ్చాక ఇంట్లో మీరే చూడండి. సరేనా?”

“సరేనండి,” అన్నారు ముగ్గురూ.

తిరిగొచ్చేటప్పుడు కార్లో ఎవరి కోపం వాళ్ళకు సరిపోయింది. డాక్టరమ్మ చివర అన్న మాట ఎవరికీ గుర్తులేదు.

*

పిచ్చుక అమ్మను పడుకోబెట్టి తలుపు దగ్గరగా వేసిందో లేదో, అన్నయ్య అందుకున్నాడు.

“పూర్తిది వేయమన్నావా? నాతో ఒక్క మాటైనా చెప్పాలనిపించలేదా?”

“నువ్వు ఒక్క మాటైనా అడిగావా అన్నయ్యా? ఇల్లెంత ప్రశాంతంగా ఉందో అని ఫోన్ చేసి మరీ మురిసిపోయావు.”

“నాకేం తెలుసు? మందులు నీ పని అనుకున్నాను.”

“నీళ్ళు పోయడం నా పని, తినిపించడం నా పని, పక్కలు మార్చడం నా పని,” అంది వదిన. గొంతు పెంచలేదు. “మందులు పిచ్చుక పని. ఇల్లు ప్రశాంతంగా ఉందని చెప్పడం మీ పని. బాగానే పంచుకున్నాం.”

“ఇప్పుడు అందరం తలోమాట అనుకుంటే...”

“అనుకుందాం. ఇన్నాళ్ళూ అనుకోకపోబట్టే కదా ఇలా తగలడింది.” వదిన పిచ్చుక వైపు తిరిగింది. “ఆ రోజు నేను నీకు ఏడుస్తూ ఫోన్ చేశాను. గుర్తుందా?”

గుర్తుంది. షాపులో జనం ఉన్నారు. ఎవరికో దగ్గు మందు సంచిలో వేస్తూ, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని విన్నది. అవతల అమ్మ కేకలు, మధ్యలో వదిన వెక్కిళ్ళు. “పూర్తిది వేసెయ్ వదినా, ఏం కాదు,” అని ఫోను పెట్టేసింది. ఆ సాయంత్రం వెళ్దామనుకుంది. వెళ్ళలేదు. మర్నాడు వదిన ఫోన్ చేసి, రాత్రి అందరం నిద్రపోయాం అని చెబితే, ఇక వెళ్ళాల్సిన అవసరం లేదనుకుంది.

“నేను రమ్మని ఫోన్ చేశాను పిచ్చుకా,” అంది వదిన. “నువ్వు బిళ్ళ పంపావు. అడిగినప్పుడల్లా పంపావు, కాదనను. ఒక్క రోజు ఇచ్చావా?”

గోడ మీద ఫ్యాను నీడ తిరుగుతూ ఉంది.

“షాపులో సెలవు పెడతాను. రేపు బట్టలు తెచ్చుకుంటాను,” అంది పిచ్చుక చివరికి.

“ఎన్నాళ్ళకు?”

“అమ్మ బాగయ్యేదాకా.”

“అమ్మ బాగవదు. అది నీకంటే ఎవరికి బాగా తెలుసు?”

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. గొంతు సవరించుకున్నాడంటే ఏదో ముందే చేసేసి ఉంటాడని ఇద్దరికీ తెలుసు.

“ఒక హోములో మాట్లాడాను. పెద్దవాళ్ళను బాగా చూసుకుంటారట. చోటు ఖాళీ అయితే చెబుతామన్నారు.”

“నాకు చెప్పకుండానా?” అంది వదిన.

“నీకోసమే కదా! స్కూలు వాళ్ళు మళ్ళీ రమ్మంటున్నారని అన్నావు.”

అది నిజమే. అమ్మ ఇక్కడికి వచ్చాక వదిన పసిపిల్లల స్కూల్లో టీచరు ఉద్యోగం మానేసింది. ఇప్పుడు వాళ్ళే మళ్ళీ పిలిచారు. వదిన అమ్మ గది తలుపు వైపు ఒకసారి చూసి, వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

*

బిళ్ళ తగ్గిన కొద్దీ అమ్మ తేలింది. నీళ్ళ అడుగు నుంచి పైకి వస్తున్న మనిషిలా, ముందు కళ్ళు, తరువాత మెడ, తరువాత చేతివేళ్ళు. ఒక ఉదయం పిచ్చుక జడ వేస్తుంటే ఉన్నట్టుండి గొంతు వచ్చింది.

“హలో. లైన్లో ఉండండి.”

దువ్వెన పిచ్చుక చేతిలోంచి జారిపోయింది. అమ్మ టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. ఊళ్ళో సగం మందికి ఆవిడ ముఖం తెలియదు గాని గొంతు తెలుసు. మతిమరుపు వచ్చాక ఇంట్లో ఏ మూల కూర్చున్నా ఆ ఉద్యోగమే చేసేది. ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో పిచ్చుకకు గుర్తు రాలేదు.

వదిన గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

“ఇంకా లైను దొరకలేదా అత్తయ్యా?”

“అన్నీ బిజీగా ఉన్నాయమ్మా. కాసేపాగి చేయండి.”

వదిన నవ్వింది. పిచ్చుక ఈ ఇంటికి వచ్చాక వదిన నవ్వడం అదే మొదలు. సాయంత్రం అన్నయ్య కూడా చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని అమ్మ ఎదురుగా కూర్చున్నాడు.

“హలో, అమ్మా! నేను, పెద్దాణ్ణి.”

అమ్మ చాలా మర్యాదగా విన్నది. “రాంగ్ నంబరండీ,” అంది.

అందరూ పగలబడి నవ్వారు. అన్నయ్యే అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆ తరువాత బాల్కనీలోకి వెళ్ళి, చీకటి పడేదాకా లోపలికి రాలేదు.

మాటలతో పాటు అరుపులూ వచ్చాయి.

మిగతా సమయంలో కాదు, తిండి దగ్గర. మొదటి చెంచా లోపలికి పోయేది. రెండో దానికి అమ్మ ముఖం ముడుచుకునేది. మూడోది పెట్టబోతే కంచం ఎగిరి గోడకు తగిలేది. ఆ కేకకు పై అంతస్తులో ఎవరో నేల మీద దబదబా కొట్టేవాళ్ళు. మెట్ల దగ్గర ఎదురుపడితే, “మళ్ళీ మొదలైందా అండీ? మధ్యలో ఎంత బాగున్నారో!” అని సానుభూతి చూపేవాళ్ళు.

“ఓర్చుకుందాం,” అనేది పిచ్చుక ప్రతిసారీ.

వదిన గోడ మీది మెతుకులు తుడిచేది.

ఒక సాయంత్రం ఇంట్లో పిచ్చుక, అమ్మ మాత్రమే ఉన్నారు. ఎక్కడో లిఫ్టులో మనుషులు ఇరుక్కుపోయారని అన్నయ్య పరిగెత్తాడు. వదిన సరుకులకు వెళ్ళింది. అమ్మ పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. పిచ్చుక బతిమాలింది, పాట పాడింది, ఆపరేటరమ్మకు భోజనం టైమైందని చెప్పి చూసింది. అమ్మ ఆ చెంచా చూడగానే కేక పెట్టి పిచ్చుక మణికట్టు రక్కేసింది. రక్తం చిప్పిల్లింది. పైనుంచి దబదబా శబ్దం. వీధి తలుపు ఎవరో తట్టారు. కేక ఆగలేదు.

“అమ్మా, ఇక చాలమ్మా! నీకు దణ్ణం పెడతాను, ఆపమ్మా!”

ఆగలేదు.

బిళ్ళల అట్ట పిచ్చుక చేతిసంచిలోనే ఉంది. ఎందుకు దగ్గర ఉంచుకుందో ఎవరైనా అడిగితే ఏం చెప్పేదో ఆమెకే తెలియదు. పూర్తి బిళ్ళ నలిపి తేనెలో కలిపింది. అమ్మ తల ఒడిసిపట్టి, కేక కోసం తెరిచిన నోట్లోకే చెంచా పెట్టేసింది.

కాసేపటికి ఇల్లు నిశ్శబ్దమైపోయింది.

వదిన వచ్చి సరుకుల సంచి కింద పెట్టబోతూ ఆగింది. చెవులు రిక్కించి విన్నది. అమ్మను చూసింది. గడ్డం వేలాడేసి, ఒక పక్కకు ఒరిగి ఉంది అమ్మ. పిచ్చుకను చూసింది. రక్కిన మణికట్టు చూసింది. లోపలికి వెళ్ళి దూది, నీళ్ళు తెచ్చి, ఎదురుగా కూర్చుని ఆ గాయం తుడిచింది.

“ఎంత వేశావు?”

“ఒకటి.”

“సరే.”

“నన్ను తిట్టు వదినా.”

“ఎందుకు తిట్టాలి?” వదిన దూది మడిచి పక్కన పెట్టింది. “నేను ఇన్నాళ్ళూ చేసిన పనే కదా. ఎలా ఉంటుందో ఇప్పుడు నీకూ తెలిసింది. అంతే.”

*

మర్నాడు ఉదయం కూడా అమ్మ మత్తు వదల్లేదు. తడిగుడ్డతో ముఖం తుడుస్తుంటే దవడ వదులుగా కిందికి జారింది. గుప్పున వాసన. ఆ వాసన ఇంట్లో అందరికీ తెలిసిందే. ముసలితనం వాసన అనుకుని సరిపెట్టుకున్నదే.

నోరు చూడండి అన్న డాక్టరమ్మ మాట అప్పుడు గుర్తొచ్చింది పిచ్చుకకు. ఫోను వెలుగు వేసి, వంగి లోపలికి చూసింది.

చాలాసేపు చూసింది.

“వదినా!”

“ఏమైంది?”

“అమ్మకు కింద పక్కన కట్టుడు పళ్ళు ఉన్నాయి కదా. ఎప్పుడెప్పుడు తీసి కడుగుతున్నావు?”

“నేను తీయడమేమిటి? అత్తయ్యే తీసి గ్లాసులో వేసుకుంటారుగా.” అంటూ అంటూనే వదిన గొంతు సన్నబడింది. “అదే... ఇదివరకు వేసుకునేవారు.”

“ఇదివరకంటే?”

వదిన ఆ గ్లాసు ఎక్కడుందో వెతకబోయింది. గ్లాసు లేదు. అది చివరిసారి ఎప్పుడు కనిపించిందో ఇద్దరికీ తెలియదు. అప్పుడే స్నానం చేసి వచ్చిన అన్నయ్యను అడిగారు. అమ్మకు కట్టుడు పళ్ళున్నాయన్న సంగతే అతనికి తెలియదు.

పళ్ళ డాక్టరు దగ్గర అమ్మను పట్టుకోవడానికి ముగ్గురూ కావలసి వచ్చింది. మత్తు దిగుతున్న అమ్మ కాళ్ళు తన్నుకుంది. పళ్ళ కట్టు చిగురులోకి దిగిపోయి ఉంది. దాన్ని డాక్టరు నెమ్మదిగా, ఓపిగ్గా ఊడదీశాడు. కింద చిగురు కుళ్ళి, పుండు దవడ లోపలిదాకా పాకి ఉంది.

“తీసి ఎంతకాలమైంది?”

“తెలియదండీ,” అన్నాడు అన్నయ్య.

“ఇంత పుండు పెట్టుకుని ఎలా తింటున్నారు ఈవిడ? ముద్ద తగిలినప్పుడల్లా ప్రాణం పోయినట్టుంటుందే!” డాక్టరు చేతి తొడుగులు తీస్తూ ముగ్గురినీ చూశాడు. “నొప్పని ఎప్పుడూ చెప్పలేదా?”

అమ్మ చెప్పకేం. చెప్పింది. ఊరంతా వినపడేట్టు చెప్పింది.

బయట వరండాలో బల్ల మీద అమ్మను మధ్యలో కూర్చోబెట్టుకుని కూర్చున్నారు. అమ్మ నోట్లో దూది. అన్నయ్య కూర్చోలేక లేచి, గోడకు నుదురు ఆనించి నిలబడ్డాడు. అతని వీపు కదులుతోంది.

“ఆ నోట్లోనే వేశాను,” అంది వదిన, ఎవరితోనూ కాకుండా. “పుండు మీదుగా, రోజూ, నా చేత్తో ఆ బిళ్ళ వేశాను. నోరు తెరవకపోతే ముక్కు మూసి తెరిపించాను.”

“నువ్వు దగ్గరుండి చేశావు వదినా. నేను దూరంగా కూర్చుని చేయించాను. నాకున్న చదువుకు ఈ ఒక్క సంగతి తట్టి ఉండాలి. నొప్పేమో అని.”

“ఇప్పుడు ఎవరి పాపం ఎక్కువ అని పోటీ పడదామా?” అంది వదిన. తిట్టినట్టు లేదు. ఆ మాట అంటూనే అమ్మ తలను తన భుజం మీదికి ఒరగేసుకుంది.

*

పుండు మానుతున్న కొద్దీ తిండి దగ్గర కేకలు తగ్గాయి. పూర్తిగా పోలేదు. చీకటి పడే వేళ అమ్మ ఇంకా గాభరా పడుతుంది, తలుపులు లాగుతుంది, లైన్లన్నీ తెగిపోయాయని ఏడుస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి. ఆ ఎవరో ఒకరు ఎక్కువగా వదినే అయ్యేది. ముద్ద కూడా వదినే పెట్టేది. గుడ్డలు ఉతకడం, స్నానం, నడిపించడం పిచ్చుక తన మీద వేసుకుంది.

అలా కాస్త తెరిపిన పడుతున్నప్పుడే హోములో చోటు ఖాళీ అయింది. నడిపే ఆవిడ స్వయంగా అమ్మను చూడడానికి వచ్చింది. మనిషి మంచిదే. అమ్మ చెయ్యి పట్టుకుని ఆప్యాయంగా పలకరించింది. అమ్మ ఆవిడను ఏ నంబరు కావాలని అడిగింది, ఇవ్వలేనందుకు క్షమాపణ చెప్పింది, ఇంతలోనే ఎందుకో కోపం వచ్చి గట్టిగా అరిచింది.

హోము ఆవిడ చేయి వెనక్కి తీసుకుంది.

“ఫోన్లో మాట్లాడినప్పుడు, అమ్మగారు ఎక్కువగా పడుకునే ఉంటారని అన్నారు కదండీ?”

అన్నయ్య తల దించుకున్నాడు. “అప్పుడు ఒక బిళ్ళ వేసేవాళ్ళం.”

“మంచిది. అదే కొనసాగిద్దాం.” ఆవిడ సంకోచిస్తూనే అంది. “నన్ను తప్పుగా అనుకోవద్దు. ఒక్కో ఆయా మీద చాలామంది పెద్దవాళ్ళు ఉంటారు. ఒకరు అరిస్తే గదంతా లేస్తుంది. మీరు ఇంతమంది ఒక్కరిని చూసుకోలేక కదా నాకు ఫోన్ చేశారు. మేం మాత్రం ఎలా చూడగలం, చెప్పండి?”

అందులో అబద్ధమేమీ లేదు. పిచ్చుకకు వద్దనాలని ఉంది. వద్దనడానికి తనకేం హక్కుంది? వద్దంటే రేపటి నుంచి ఎవరు చేయాలో తెలిసి కూడా వద్దనాలా? అన్నయ్య వదిన వైపు చూశాడు. వదిన చేతిలో ఫోనుంది. అందులో స్కూలు వాళ్ళ సందేశం. సోమవారం నుంచి రమ్మని.

“వద్దండి,” అంది వదిన. “పంపించం.”

పిచ్చుక ఆవిడను సాగనంపి వచ్చేసరికి వదిన వంటింట్లో గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కళ్ళు తుడుచుకోలేదు, దాచుకోలేదు.

“నువ్వు సోమవారం స్కూలుకు వెళ్తున్నావు వదినా,” అంది పిచ్చుక. “నేను షాపు మానేస్తాను. మాట్లాడేశాను.”

“అమ్మ మీద ప్రేమా? నీకు నువ్వు వేసుకునే శిక్షా?”

“ఏదైతే నీకెందుకు? నీకు కావలసింది పగలు ఇంట్లో ఉండే ఒక మనిషి.”

వదిన ఆమెను ఎగాదిగా చూసింది. నెమ్మదిగా తలూపింది.

*

సోమవారం ఉదయం వదిన పాత హ్యాండుబ్యాగు దులిపి భుజాన వేసుకుంది. అన్నయ్య కింద బండి స్టార్టు చేసి హారన్ కొడుతున్నాడు, దింపి వెళ్తానని. పసిపిల్లల కోసం రంగు కాగితాలు కత్తిరించి పెట్టుకున్న కవరు గుమ్మం పక్కన సిద్ధంగా ఉంది. అద్దంలో ఒకసారి చూసుకుని, “పెద్దదాన్నయిపోయానా?” అంది.

“పిల్లలు గుర్తుపడతారులే,” అంది పిచ్చుక. “వెళ్ళు, వెళ్ళు. నేనున్నానుగా.”

పిచ్చుక అమ్మ ఎదురుగా కూర్చుని చెంచాతో కొంచెం అన్నం తీసుకుంది. మెత్తగా కలిపింది, చల్లార్చింది, పెదవి మీద పెట్టుకుని వేడి చూసింది. వదిన ఎలా చేసేదో అన్నీ అలాగే చేసింది.

“అమ్మా, ఆ...”

అమ్మ చెంచాను చూసింది. చెంచా పట్టుకున్న చేతిని చూసింది. పెదవులు బిగించేసింది.

“నొప్పి లేదు కదమ్మా ఇప్పుడు. ఆ అను.”

అమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. పిచ్చుక కుర్చీ అటు జరిపింది. అమ్మ ఇటు తిప్పుకుంది. అరవలేదు, కొట్టలేదు. కూతురి పేరు మరిచిపోయిన మనిషి, కొడుకును రాంగ్ నంబరన్న మనిషి, ఈ ఒక్క చెయ్యి మాత్రం ఎవరిదో ఎరిగినట్టు రెండు పెదవులూ లోపలికి లాక్కుని కూర్చుంది. పిచ్చుక చెంచా దించి చూసింది, వేళ్ళతో కలిపి ముద్ద చేసి చూసింది. ఆ చెయ్యి దగ్గరికి రాగానే అమ్మ గడ్డం వణకడం మొదలైంది.

“ఒక్క ముద్దమ్మా. ఒక్కటి. ఇంకేం కలపలేదమ్మా ఇందులో. ఒట్టు.”

గుమ్మం దగ్గర చప్పుడైంది. అమ్మ తల అటు తిప్పింది. చెప్పులు వేసుకుంటున్న వదినను చూసింది. చూసి, పిల్లలు తెరిచినట్టు, నోరు తెరిచింది.

కింద హారన్ మళ్ళీ మోగింది.

“వెళ్ళు వదినా, ఆలస్యమవుతుంది,” అంది పిచ్చుక. చెయ్యి ముద్దతో గాలిలోనే ఉంది. “నాకు అలవాటవుతుంది. అమ్మకూ అలవాటవుతుంది. నువ్వు వెళ్ళు.”

అమ్మ నోరు ఇంకా తెరిచే ఉంది, గుమ్మం వైపు.

వదిన ఒక కాలికి చెప్పు ఉంది. రెండోది తొడుక్కోలేదు, మొదటిది విప్పలేదు.